పాఠాన్ని స్క్రీన్ రికార్డింగ్ చేసి చూపిస్తే పిల్లలకు నిజంగా ఎక్కుతుందా? మీ అనుభవాలు చెప్పండి

లెక్కల_టీచరమ్మ

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్తాను. సరూప త్రిభుజం నిర్మాణం బోర్డు మీద చెప్పడం ప్రతి ఏడూ నాకు పెద్ద పరీక్షే. చెక్క కంపాస్ జారిపోతుంది, నేను గీస్తున్నంతసేపూ నా వీపే పిల్లలకు అడ్డం, చివరి బెంచీ వాళ్లకు ఏ బిందువు నుంచి ఏ బిందువుకి కలిపానో కనపడదు. "మేడమ్, ఇంకోసారి" అంటారు. మూడోసారి గీసేసరికి బెల్లు కొడతారు.

అందుకని పోయిన వారం ఇంట్లో ల్యాప్‌టాప్‌లో జామెట్రీ బొమ్మలు గీసే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్ తెరిచి, ఇచ్చిన త్రిభుజానికి 3/4 రెట్లుండే సరూప త్రిభుజాన్ని మొదటి నుంచి చివరిదాకా గీస్తూ, మాట్లాడుతూ రికార్డ్ చేశాను. ఏడు నిమిషాలొచ్చింది. తరగతిలో గోడకున్న పెద్ద టచ్ తెర, అదే ప్యానెల్ మీద వేస్తే పిల్లలు కదలకుండా చూశారు. నాకు చాలా సంతోషమేసింది. మర్నాడు అదే నిర్మాణం నోట్సులో గీయమంటే సగం మంది కూడా సరిగ్గా గీయలేదు. చూస్తున్నప్పుడు "అర్థమైంది మేడమ్" అన్నవాళ్లే ఎక్కువ తప్పు చేశారు.

ఎక్కడ పొరపాటు జరిగింది? నేను చేసిన తీరులోనా, లేక రికార్డింగ్ అంటేనే అంతా? మీలో ఎవరైనా వాడుతుంటే చెప్పండి.

రిటైర్డ్_హెచ్ఎం

అమ్మా, మీ శ్రమకు ముందుగా నమస్కారం. కానీ నా అనుభవం చెప్తాను, నొచ్చుకోకండి. కరోనాతో బడులు మూసినప్పుడు 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానెళ్లలో పాఠాలు వచ్చాయి కదా, అప్పుడు మా టీచర్లతో పాటు నేనూ ఇల్లిల్లూ తిరిగి పిల్లలు చూస్తున్నారా లేదా అని రాసుకునేవాణ్ణి. పాఠాలు బాగానే చేశారు, చెప్పినవాళ్లు మంచి టీచర్లు. అయినా ఒక ఇంట్లో పిల్లవాడు టీవీ ముందే కూర్చుని, చెల్లెల్ని ఒళ్లో పెట్టుకుని, కళ్లు టీవీ మీదే ఉంచి, "ఇప్పుడు ఏం చెప్పారు నాయనా" అంటే ఒక్క ముక్క చెప్పలేకపోయాడు. తెరలో ఉన్న టీచరుకు వీడి ముఖం కనపడదు. తరగతిలో మనం పిల్లల కళ్లు చూసి ఆగుతాం, వెనక్కి వెళ్తాం, ఇంకో ఉదాహరణ ఇస్తాం. వీడియో ఆగదు. మీకు జరిగిందీ అదే అనుకుంటున్నాను.

ఫిజిక్స్_మేష్టారు

హెచ్ఎం గారూ, వీడియో ఆగదన్నారు. దాన్ని ఆపాల్సింది మనమే సార్. నా పద్ధతి చెప్తాను.

నేను రికార్డ్ చేసేవాటిలో మాటలే ఉండవు. తెర మీదే ప్రయోగాలు చేసుకునే కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు ఉన్నాయి కదా, అందులో సర్క్యూట్ కట్టే కిట్ తీసుకుని ఒక బ్యాటరీ, ఒక బల్బు పెట్టి వెలిగిస్తాను. తర్వాత శ్రేణిలో ఇంకో బల్బు కలుపుతాను. స్విచ్ వేసే ముందు పది సెకన్లు ఏమీ చేయకుండా వదిలేస్తాను. తరగతిలో వీడియోని సరిగ్గా అక్కడ ఆపి "ఇప్పుడు మొదటి బల్బు ఇంకా ఎక్కువ వెలుగుతుందా, తగ్గుతుందా, అంతేనా? నోట్సులో రాయండి, ఎందుకో కూడా రాయండి" అంటాను. చాలామంది మొదటి బల్బు అలాగే ఉంటుంది, రెండోదే మసకగా వెలుగుతుందని రాస్తారు, ఎందుకంటే కరెంటు మొదటి బల్బు దగ్గర కొంత ఖర్చయిపోతుందని వాళ్ల లెక్క. అప్పుడు ప్లే చేస్తే రెండూ ఒకేలా మసకబారతాయి. ఆ క్షణంలో తరగతిలో వచ్చే గోల కోసమే నేను ఈ పని చేస్తున్నాను. తర్వాత సమాంతరంగా కలిపింది వేస్తే రెండూ మొదటిదానిలాగే వెలుగుతాయి, మళ్లీ గోల.

నేరుగా సిమ్యులేషనే నడపొచ్చు కదా అంటారేమో. నడుపుతాను కూడా. కానీ తీగలు కలుపుతూ తెర వైపు తిరిగి ఉంటే పిల్లల వైపు చూడలేను. రికార్డింగ్ ఉంటే చేతులు ఖాళీ, బెంచీల మధ్య తిరుగుతూ ఎవరేం రాశారో చూడొచ్చు. తరగతిలో రికార్డింగ్ వల్ల నాకు దక్కిన అసలు లాభం అదే.

మేడమ్, మీ ఏడు నిమిషాల వీడియోలో ఎన్నిసార్లు ఆపారు?

లెక్కల_టీచరమ్మ

ఒక్కసారీ ఆపలేదు సార్. మొత్తం వేసి, చివర్లో "డౌట్లున్నాయా" అన్నాను.

డిగ్రీ_కంప్యూటర్స్

మేడమ్, అదే అసలు సంగతి అయ్యుండొచ్చు. నేను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెప్తాను, మా దాంట్లో స్క్రీన్ రికార్డింగ్ కొత్త కాదు. ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య గారి ఆధ్వర్యంలో మొదలైన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు పూర్తిగా స్క్రీన్ రికార్డింగుల మీదే నడుస్తుంది, లిబ్రె ఆఫీస్, లినక్స్, సి, పైథాన్ లాంటివన్నీ ఉంటాయి, చాలావాటికి తెలుగు డబ్బింగ్ కూడా ఉంది. ఒక్కోటి సుమారు పది నిమిషాలు.

వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సినవి రెండు. ఒకటి, పక్కపక్కన పద్ధతి. తెరలో సగం వీడియో, సగం సాఫ్ట్‌వేర్. వీడియోలో ఒక పని చూడాలి, ఆపాలి, తాను చేయాలి, మళ్లీ ముందుకెళ్లాలి. చేయకుండా చూడటానికి అవి తయారు చేయలేదు. రెండోది, రికార్డింగ్‌కి ముందు స్క్రిప్టు రాస్తారు, ఒక పక్క తెర మీద ఏం కనపడాలి, ఇంకో పక్క ఏం మాట్లాడాలి. ఆ స్క్రిప్టుని ఆ విషయం బొత్తిగా తెలియని ఒకరికి ఇచ్చి, చదివి చేయగలుగుతున్నారా లేదా చూశాకే రికార్డ్ చేస్తారు. నేను మా ఇంట్లో ఈ పరీక్ష మా నాన్నగారితో చేయిస్తాను. ఆయన ఆగిపోయిన ప్రతి చోటా నేనొక మెట్టు మింగేశానని అర్థం.

ఇంకో మాట. తెలుగులోకి మార్చినా తెర మీద మెనూలు ఇంగ్లీషులోనే ఉంచుతారు, మాట మాత్రమే మన భాష. ఉద్యోగంలో పిల్లలకు ఎదురయ్యేది ఆ ఇంగ్లీషు మెనూయే కాబట్టి అది సరైన ఆలోచన అని నా నమ్మకం.

మీ నిర్మాణానికి తెరలో సగం అక్కర్లేదు, పక్కన నోట్సు ఉంటే చాలు.

పదో_తరగతి_అమ్మ

టీచర్ల మధ్యలో తల్లిగా ఒక మాట చెప్పొచ్చా. మా అమ్మాయి స్కూల్ వాళ్లు పాఠాల వీడియోలు వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఇది రెట్టింపు వేగంతో పెట్టుకుని చూస్తుంది, "అయిపోయింది అమ్మా" అంటుంది. పుస్తకం తెరవదు. పైగా వీడియో కోసమని ఫోన్ ఇస్తే అరగంట తర్వాత చూస్తే ఇంకేదో నడుస్తూ ఉంటుంది. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, వాళ్ల నాన్న డ్యూటీకి పట్టుకెళ్తారు. రోజూ ఇదే టెన్షన్. దయచేసి ఇంటికి పంపే ముందు మా సంగతి కూడా ఆలోచించండి. తరగతిలో చూపిస్తే మాకేం అభ్యంతరం లేదు, సంతోషమే.

ఫిజిక్స్_మేష్టారు

అమ్మా, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. పాఠం ఇంట్లో చూసి హోంవర్కు తరగతిలో చేయడం అనే పద్ధతి 2007లో అమెరికాలో కొలరాడోలోని వుడ్‌లాండ్ పార్క్ హైస్కూల్ నుంచి బాగా ప్రచారంలోకి వచ్చింది. జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే కెమిస్ట్రీ టీచర్లు మొదట అందరి కోసం చేయలేదు, ఆటల పోటీలకు వెళ్లి తరగతులు తప్పిపోతున్న పిల్లల కోసం రికార్డ్ చేశారు. తర్వాతే మిగతావాళ్లకీ వాడారు. మన ఊళ్లలో ఇంటికి ఒక ఫోను కూడా గట్టిగా లేనిచోట అందరికీ ఇంటి వీడియో అంటే కొందర్ని వదిలేయడమే అవుతుంది.

రిటైర్డ్_హెచ్ఎం

తరగతులు తప్పిపోయే పిల్లలు అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. మా వైపు పత్తి ఏరే రోజుల్లో, మిరప కోతలప్పుడు పదిహేను రోజులు బడికి రాని పిల్లలుండేవారు. తిరిగి వచ్చాక ఏ పాఠం దగ్గర ఉన్నామో తెలియక మూలన కూర్చునేవారు. మళ్లీ మొదటి నుంచి చెప్పే తీరిక మాకుండేది కాదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అలాంటి పిల్లల్ని మధ్యాహ్న భోజనం తర్వాత ఓ పావుగంట ల్యాబ్‌లో కూర్చోబెట్టి, పక్కన నోట్సు పెట్టించి, తమ సొంత టీచరు గొంతుతో ఉన్న పాఠం చూపిస్తే బాగుంటుంది. టీవీలో ఎవరో చెప్పినదానికీ తన టీచరు చెప్పినదానికీ తేడా ఉంటుంది. ఇందాక నేను రాసిన మాటని ఆ మేరకు సవరించుకుంటున్నాను.

ల్యాబ్_ఇన్‌చార్జ్

సాంకేతిక విషయాలు ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

కంప్యూటర్లో అయితే తెరని రికార్డ్ చేసే ఓబీఎస్ స్టూడియో సాఫ్ట్‌వేర్ వాడండి, పూర్తిగా ఉచితం. ఒక్కటి మాత్రం మర్చిపోకండి, సెట్టింగ్స్‌లో రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీ పెట్టుకోండి. మామూలు ఎంపీ4లో రికార్డ్ చేస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలు ఇక తెరుచుకోకపోవచ్చు, పాఠం మొత్తం పోయినట్టే. ఎంకేవీ అయితే కరెంటు పోయేదాకా అయినంతవరకూ మిగులుతుంది. తర్వాత ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్ నొక్కితే క్షణాల్లో ఎంపీ4 చేసిస్తుంది. మన కరెంటు సంగతి తెలిసిందే కదా.

విండోస్‌లో విండోస్ బటన్, జి కలిపి నొక్కితే గేమ్ బార్ వస్తుంది, దానితోనూ చేయొచ్చు, కానీ అది ఒక్క విండోనే రికార్డ్ చేస్తుంది. పవర్‌పాయింట్‌తో మొదలుపెట్టి మధ్యలో జియోజీబ్రాకి వెళ్తే రెండోది రాదు. చాలామంది అక్కడే దెబ్బతింటున్నారు.

ఫోన్లో ఆండ్రాయిడ్ 11 నుంచి రికార్డర్ లోపలే ఉంటుంది. మొదలుపెట్టే ముందు ఆడియో దగ్గర మైక్రోఫోన్ ఎంచుకున్నారో లేదో చూడండి, డివైస్ ఆడియో మాత్రమే ఉంటే మీ గొంతు రాదు. ముందు ఇరవై సెకన్లు రికార్డ్ చేసి విని, అప్పుడు అసలు పాఠం మొదలుపెట్టండి. ఫ్యాన్ ఆపండి. ఇయర్‌ఫోన్‌కి ఉండే మామూలు మైకు చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. ఇంకా ముఖ్యం, నోటిఫికేషన్లు ఆపేయండి. నాకు తెలిసిన ఒక సార్ రికార్డింగ్‌లో బ్యాంకు ఓటీపీ, ఖాతాలో మిగిలిన డబ్బుతో సహా పైన కనపడి, అది గ్రూపులోకి వెళ్లిపోయింది, పాపం చాలా బాధపడ్డారు.

సైజు గురించి. తెర పెద్దగా కదలదు కాబట్టి 720 రిజల్యూషన్, సెకనుకు 15 ఫ్రేములు జామెట్రీకి ధారాళంగా సరిపోతాయి, ఫైలు చిన్నగా వస్తుంది. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అక్షరాలు మసకబారతాయి, డాక్యుమెంటుగా పంపండి. మౌస్ బాణం గుర్తును సెట్టింగ్స్‌లో పెద్దది చేసి రంగు మార్చుకోండి, చివరి బెంచీకి కనపడాలి.

హిందీ_పండిట్

ల్యాబ్ సార్, మా స్కూల్ ప్యానెల్‌లో వైట్‌బోర్డు మీద రాసేది రికార్డవుతోంది కానీ గొంతు చాలా దూరం నుంచి వచ్చినట్టుంది. ఏం చేయాలి?

ల్యాబ్_ఇన్‌చార్జ్

ప్యానెల్ మైకు మీకు దూరంగా ఉంటుంది మేడమ్. వెనకో పక్కనో యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది, యూఎస్‌బీ మైకు పెట్టి చూడండి. అది లేకపోతే ఫోన్ జేబులో పెట్టుకుని వాయిస్ రికార్డ్ చేసి, మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టండి. తర్వాత ఆ చప్పుడు ఆధారంగా రెండూ కలపడం తేలిక.

లెక్కల_టీచరమ్మ

మీరందరూ చెప్పాక ఆదివారం కూర్చుని పిల్లల నోట్సులు తీసి ఎక్కడ తప్పారో చూశాను. ఆశ్చర్యం ఏంటంటే దాదాపు అందరిదీ ఒకే తప్పు.

ఎబిసి త్రిభుజంలో బి నుంచి ఒక కిరణం గీసి దాని మీద సమాన దూరాల్లో బి1, బి2, బి3, బి4 గుర్తించాలి. బి4ని సికి కలిపి, బి3 నుంచి దానికి సమాంతరంగా గీయాలి. పిల్లలు బి3ని సికి కలిపేశారు. 3/4లో పైన 3 ఉంది కాబట్టి ముందు 3తోనే పని అనుకున్నారు. అలా కలిపి బి4 నుంచి సమాంతర రేఖ గీస్తే అది బిసిని దాటి బయటికి పోతుంది, త్రిభుజం 4/3 రెట్లై పెద్దదవుతుంది. చిన్నది రావాల్సిన చోట పెద్దది వచ్చినా ఎవరికీ అనుమానం రాలేదు. నా వీడియోలో ఆ గీత పడటానికి రెండు సెకన్లు పట్టింది. నాకది తెలిసిన విషయం కాబట్టి నేను గబగబా దాటేశాను.

ఇప్పుడు నాలుగు ముక్కలుగా మళ్లీ రికార్డ్ చేశాను. బి4 గుర్తించాక "ఇక్కడ ఆపండి, ఏ బిందువుని సికి కలపాలి, నోట్సులో గీసి పక్కనే కారణం రాయండి" అని పెట్టాను. తర్వాత ముక్కలో బి3తో కలిపితే ఏమవుతుందో కూడా గీసి చూపించాను. రేపు వేస్తాను.

డిగ్రీ_కంప్యూటర్స్

తప్పు దారి కూడా గీసి చూపించారు చూశారా, అది చాలా మంచి పని. బోర్డు మీద అయితే తప్పు గీసి తుడిచేలోపు బెల్లు కొడతారు.

నిడివి గురించి ఒక పరిశోధన చెప్తాను. 2014లో ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ అనే పరిశోధకులు ఎడెక్స్ అనే వెబ్‌సైట్ ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణల్ని పరిశీలిస్తే, వీడియో ఎంత పొడుగున్నా జనం నిలబడి చూసింది మహా అయితే ఆరు నిమిషాల దగ్గరే. చేత్తో రాస్తూ గీస్తూ చెప్పినవి, ముందే తయారైన స్లైడ్లకంటే ఎక్కువసేపు చూశారు. అది ఆన్‌లైన్ కోర్సుల సంగతి, మన తరగతి గది కాదు, అయినా మీ నాలుగు ముక్కల నిర్ణయానికి బలమే. ఇంకొకటి, తెర మీద వాక్యాలు పెట్టి అవే వాక్యాలు మనం చదవకూడదని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ఏళ్లుగా చెప్తున్నారు. పిల్లవాడు చదవాలా, వినాలా తేల్చుకోలేక రెండూ వదిలేస్తాడు. బొమ్మ తెర మీద ఉండాలి, మాట చెవిలో పడాలి.

తెలుగు_సార్

అందరూ పాఠం చెప్పడానికే వాడుతున్నారు, నేను దిద్దడానికి వాడుతున్నాను.

పిల్లల వ్యాసం ఫొటో తీసి ఫోన్లో తెరిచి, స్క్రీన్ రికార్డర్ పెట్టి, వేలితో గుర్తులు పెడుతూ రెండు నిమిషాలు మాట్లాడతాను. ఎర్ర సిరాతో కొట్టేస్తే పిల్లలు మార్కులు చూసి పుస్తకం మూసేస్తారు. మాటతో చెప్తే వింటారు. ఒకమ్మాయి ఎప్పుడూ "విధ్యార్థి" అని రాసేది. ఎన్నిసార్లు కొట్టినా మళ్లీ అదే. రికార్డింగ్‌లో ఆ పదాన్ని పెద్దది చేసి "విద్య అని పలుకు తల్లీ, ద దగ్గర ఒత్తుగా పలికావా? లేదు కదా. అర్థి అన్నప్పుడు పలికావు. నీ నోరు సరిగ్గానే చెప్తోంది, చెయ్యి తొందరపడి ముందే ఒత్తు పెట్టేస్తోంది" అన్నాను. మళ్లీ రాయలేదు ఆ తప్పు. వాళ్లమ్మ కూడా వినిందట, తనకీ అర్థమైందని కబురు పంపింది.

తరగతిలో అందరికీ చేయడం సాధ్యం కాదు. వారానికి ఐదుగురికి చేస్తాను, వంతులవారీగా. అందరికీ చేయబోయి మానేయడంకంటే ఇది నయం.

కార్పొరేట్_మాజీ_లెక్చరర్

నేను ఇంతకుముందు ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. రెండేళ్లపాటు పాఠాలన్నీ రికార్డ్ చేయించారు, నేనూ ఇష్టంగానే చేశాను. తర్వాత మానేశాను. ఆరు నెలలకు నా పాత స్టూడెంట్ తమ్ముడు ఫోన్ చేసి "సార్, మా బ్రాంచిలో మీ వీడియోలే వేస్తున్నారు, లెక్చరర్‌ని పెట్టలేదు" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా గొంతే ఇంకొకరికి ఉద్యోగం లేకుండా చేసింది.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం రాసుకోకపోతే, యజమానే మొదటి హక్కుదారు. చేరేటప్పుడే రాసుకోండి. మానేశాక వాడొచ్చా, ఎన్నాళ్లు, ఎక్కడ. అడగడానికి మొహమాటపడకండి.

ఫిజిక్స్_మేష్టారు

సార్, చదివి మనసు బరువెక్కింది. టీచరు గదిలో ఉంటేనే రికార్డింగ్ పనిముట్టు అవుతుంది. టీచరు లేని గదిలో వేస్తే పిల్లలకు జరుగుతున్నది అన్యాయమే.

డల్లాస్_తెలుగు_బడి

నేను ఇక్కడ ఆదివారాలు వాలంటీరుగా పిల్లలకు తెలుగు నేర్పిస్తాను. వారానికి రెండు గంటలే, వచ్చే ఆదివారానికి "ఱ" ఎలా మొదలుపెట్టాలో మర్చిపోతారు. అందుకని టాబ్లెట్ మీద పెన్నుతో ఒక్కో అక్షరం రాస్తూ ముప్పై సెకన్ల రికార్డింగులు చేశాను. అచ్చులో అక్షరం చూస్తే చెయ్యి ఎటు తిరగాలో తెలియదు, రికార్డింగ్‌లో తెలుస్తుంది. గొంతు మాత్రం నాది కాదు, విజయవాడలో ఉన్న మా అమ్మది. పిల్లలు ఆవిడని "అక్షరాల అమ్మమ్మ" అంటున్నారు.

రిటైర్డ్_హెచ్ఎం

చాలా బాగుంది తల్లీ, అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

అందరికీ ఒక సూచన. మనం రికార్డ్ చేస్తున్నాం సరే, ఎప్పుడైనా పిల్లల చేత చేయించారా? ప్యానెల్ మీద ఒకడు గీస్తూ చెప్తుంటే వాడు ఎక్కడ నీళ్లు నములుతాడో మనకు తెలిసిపోతుంది. పరీక్ష పేపరులో అది దొరకదు. ముఖాలు తీయొద్దు, గొంతూ తెరా చాలు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది, కాబట్టి గ్రూపుల్లో పెట్టకుండా తరగతిలోనే ఉంచండి.

లెక్కల_టీచరమ్మ

వారం తర్వాత రాస్తున్నాను, క్షమించండి, యూనిట్ టెస్టుల హడావుడి.

నాలుగు ముక్కల వీడియోకి నలభై నిమిషాల పీరియడ్ మొత్తం పట్టింది. ఆపిన ప్రతిసారీ బెంచీల మధ్య తిరిగాను. బి3, బి4 దగ్గర తరగతి రెండుగా చీలి వాదించుకుంది. మర్నాడు గీయమంటే ఈసారి తప్పింది ఐదారుగురే.

హెచ్ఎం గారు చెప్పినట్టు శుక్రవారం ఇద్దరమ్మాయిల్ని ప్యానెల్ దగ్గరికి పిలిచి 5/3 రెట్ల త్రిభుజం గీస్తూ చెప్పమన్నాను. ఒకమ్మాయి క్లాసులో ఎప్పుడూ నోరు విప్పదు. ప్యానెల్ వైపు తిరిగి ఉంటే తనను ఎవరూ చూడటం లేదనిపించిందో ఏమో, చక్కగా చెప్పింది. మధ్యలో ఆగి, "ఇది ఒకటికంటే ఎక్కువ కాబట్టి బిసి సరిపోదు, ముందే పొడిగించుకోవాలి" అంది. నేను నా వీడియోలో ఎక్కడా చెప్పని మాట అది. రికార్డింగ్ మళ్లీ వేసి విన్నాం, ఆ అమ్మాయి తన గొంతు విని ముఖం కప్పుకుంది కానీ వేళ్ల సందుల్లోంచి చూస్తూనే ఉంది.

ఆ ముక్కనే రేపు బి సెక్షన్‌లో వేస్తున్నాను, తననూ వాళ్లమ్మగారినీ అడిగి ఒప్పించాను. ఫిజిక్స్ సార్, మీ బల్బుల రికార్డింగ్ దొరికితే మా సైన్స్ మేడమ్ అడుగుతున్నారు, డాక్యుమెంటుగా పంపగలరా?

ఫిజిక్స్_మేష్టారు

రాత్రికి పంపుతాను మేడమ్. స్విచ్ వేసే చోటు రెండో నిమిషం పదో సెకను, అక్కడ ఆపమని చెప్పండి.